సర్పంచ్ వెనకాల వారం తిరిగాను, నోటుపుస్తకంలో పడ్డది ఇదీ

డెల్టా_కుర్రాడు
2025 సెప్టెంబరు 8, రాత్రి 9:12

మా మేనత్త బాపట్ల జిల్లాలో ఒక ఊరికి సర్పంచ్. 2021 ఫిబ్రవరిలో గెలిచింది. ఊరి పేరు రాయను. రాస్తే ఇక్కడున్న వాళ్లలో ఎవరో ఒకరు పొద్దున్నే ఆమెకు ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతారు. వినాయక చవితికి వెళ్లినవాణ్ణి, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని అక్కడే ఉండిపోయా. నెలకు 3,000 గౌరవ వేతనానికి సర్పంచ్‌కి ఏం పనుంటుందిలే అని ఒకప్పుడు నేనే వెక్కిరించేవాణ్ణి. ఈసారి నోటుపుస్తకం కొని, ఎవరొచ్చారు, ఏమడిగారు, ఏమైంది అని మూడు గడులు గీసి రాశా.

1వ తేదీ సోమవారం, పింఛన్ల రోజు. పంచేది గ్రామ సచివాలయం వాళ్లే, అత్తకు అందులో సంతకం కూడా లేదు. అయినా వేలిముద్ర పడని ముసలమ్మ కోడలు ఫోన్ చేసింది అత్తకే. ఆ రోజు ఎక్కువసేపు పట్టింది ఒక పెద్దాయనతో. ఆయనకు దివ్యాంగుల పింఛను 6,000 వస్తోంది. మళ్లీ పరీక్ష చేస్తే వైకల్యం శాతం తగ్గిందని ఆగస్టులో నోటీసు ఇచ్చారు. ఈ నెల డబ్బు చేతికొచ్చింది, వచ్చే నెల సంగతి తెలియదు. ఆ కాగితం మడతపెట్టి మడతపెట్టి మడత దగ్గరే చిరిగింది. అత్త చదివి, అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పి, ఆటో ఎక్కించి తానే ఎంపీడీవో ఆఫీసుకు తీసుకెళ్లింది. సగం రోజు దానికే అయిపోయింది.

మంగళవారం యూరియా. రైతు సేవా కేంద్రం ముందు తెల్లవారుజామున 5 గంటలకే చెప్పుల వరస. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ధర మీద ఎవరికీ గొడవ లేదు, బస్తానే లేదు. వచ్చిన లారీలో ఉన్నవి మనిషికొకటి చొప్పున ఇచ్చేలా చీటీలు రాయించడం తప్ప అత్త చేయగలిగింది ఏమీ లేదు. సాయంత్రానికి "సర్పంచ్ చుట్టాలకు రెండేసి ఇచ్చారంట" అన్న మాట ఊరంతా తిరిగొచ్చింది. (మా బాబాయికి ఒక్కటీ దొరకలేదు. ఆయన అత్తతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.)

బుధవారం వాటర్ ట్యాంకు మోటారు కాలింది. వారం మొత్తంలో ఇది అచ్చంగా పంచాయతీ పని. రివైండింగ్ షాపతను సాయంత్రానికి అన్నాడు, గురువారం మధ్యాహ్నం ఇచ్చాడు. ఈలోగా ట్యాంకర్లు. డబ్బు అత్త ఇచ్చింది, బిల్లు పెట్టుకుని రాబట్టుకోవాలి. ఆ రెండు రోజుల ఫోన్లు లెక్కపెట్టడం మానేశా.

గురువారం నిమజ్జనం. రెండు పందిళ్లు, ఒకటే దారి, ఎవరి డీజే ముందు వెళ్లాలన్నది గొడవ. శుక్రవారం మిలాద్ సెలవు, ఆఫీసులుండవు కదా ఖాళీ అనుకున్నా. సెలవని అందరూ ఇంటికే వచ్చారు. శనివారం ఒక చావు, ఒక బారసాల. ఆదివారం చంద్రగ్రహణం. మధ్యాహ్నం దాటాక గుడి తలుపులు వేశారు గానీ అత్త ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. రాత్రి 10 గంటలకు ఒకాయన: "అమ్మా, మా వీధి లైటు వెలగట్లేదు, పైగా ఇవాళ గ్రహణం."

మొత్తం 61 విన్నపాలు. అందులో పంచాయతీ చేతిలో ఉన్నవి 19. మిగతా 42 రెవెన్యూ, వ్యవసాయం, కరెంటు, ఆసుపత్రి, పోలీసు, పిల్లల కాలేజీ సీట్లు, ఒకరి మొగుడూపెళ్లాల తగాదా. మీ ఊళ్లో, మీ వార్డులో ఎలా ఉంటుందో రాయండి.

సీమ_మిరప
సెప్టెంబరు 8, రాత్రి 9:40

అత్త కాబట్టి బాగానే రాశావు తమ్ముడూ. ఎన్నికల ముందు ఇంటింటికీ ఎంత పంచారో ఆ నోటుపుస్తకంలో ఏ గడిలో రాశావు?

డెల్టా_కుర్రాడు
సెప్టెంబరు 8, రాత్రి 9:47

అప్పుడు నేను బెంగళూరులో ఉన్నా అన్నా. పంచలేదని మాత్రం చెప్పను.

గోరింట
సెప్టెంబరు 8, రాత్రి 10:05

అడగాలా వద్దా అనుకుంటూనే అడుగుతున్నా. తిరిగింది మీ అత్తగారా, మీ మామగారా? మా మండలంలో సగం సీట్లు ఆడవాళ్లవే, మీటింగులో కుర్చీల్లో మాత్రం అంతా భర్తలే. ఆడవాళ్లు సంతకాల దగ్గర కనిపిస్తారు. మా ఎంపీటీసీ గారి ఫోన్ ఎత్తేది కూడా ఆవిడ భర్తే, "నేనే ఎంపీటీసీని మాట్లాడుతున్నా" అంటాడు.

డెల్టా_కుర్రాడు
సెప్టెంబరు 8, రాత్రి 10:31

అడగాల్సిందే అక్కా, నేనే రాయాల్సింది. మొదటి రెండేళ్లు మామయ్యే. పోలీస్ స్టేషన్, కాంట్రాక్టర్లు, మండల మీటింగు అన్నీ ఆయనే చూసుకునేవాడు. 2023లో ఆయనకు స్టెంట్ వేశాక డాక్టర్లు తిరగొద్దన్నారు. అప్పటి నుంచి అత్త. ఇప్పటికీ డీజే గొడవలాంటివి వస్తే ముందు మామయ్యనే పిలుస్తారు. ఆయన అరుగు మీద కూర్చుని "ఆవిణ్ణి అడగండి" అంటాడు. అలా అనడంలో ఆయనకు కొంచెం బాధ, కొంచెం గర్వం రెండూ ఉంటాయి. నీళ్ల సంగతి, పింఛను సంగతి మాత్రం ఆడవాళ్లు నేరుగా అత్తకే చెబుతారు, మామయ్య ఉన్నప్పుడు వాళ్లు వచ్చేవాళ్లే కాదు. 61లో 35 ఆడవాళ్లు తెచ్చినవే.

రికార్డ్‌రూమ్
సెప్టెంబరు 9, ఉదయం 6:20

నేను రెవెన్యూలో 31 ఏళ్లు చేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. బల్లకు ఇవతలి వైపు నుంచి నాలుగు మాటలు.

సోమవారం అర్జీలు తీసుకోవడం అన్నది మా రోజుల్లో గ్రీవెన్స్ డే. తర్వాత మీకోసం అన్నారు, 2019లో స్పందన అన్నారు, 2023లో జగనన్నకు చెబుదాం, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అటు తెలంగాణలో ప్రజావాణి. పేరు ఎన్నిసార్లు మారినా వారం మాత్రం సోమవారమే. అర్జీ నడిచే దారి కూడా మారలేదు. కలెక్టరేట్‌లో ఇస్తారు, నంబరు పడుతుంది, "తగు చర్య నిమిత్తం" అని ఆర్డీవోకు, అక్కణ్ణుంచి తహసీల్దారుకు, ఆర్‌ఐకి, చివరికి వీఆర్వోకు. అర్జీదారుడు ఎవరి మీద ఫిర్యాదు చేశాడో, పది రోజుల తర్వాత ఆ కాగితం చేరేది చాలాసార్లు ఆ మనిషి చేతికే. ఆయన రాసిన నివేదికే మళ్లీ పైకి ఎక్కుతుంది. పైన చూసేవాళ్లు నివేదిక వచ్చిందా లేదా అనే చూస్తారు. వస్తే "పరిష్కరించడమైనది". ఇందులో దొంగతనం ఏమీ లేదు, పొలానికి వెళ్లి చూడగల మనిషి ఆ వీఆర్వో ఒక్కడే.

ఇక రాజకీయ నాయకుల ఫోన్. అది వస్తే ఫైలు కదులుతుందన్నది నిజం. కానీ నా బల్ల మీద రోజుకు అయ్యే పని ఇంతే అని ఉంటుంది కదా. సర్పంచ్ గారు చెప్పిన ఫైలు పైకి రావాలంటే ఎవరూ ఫోన్ చేయించని ఫైలు ఒకటి కిందికి పోవాలి. ఆ కింది ఫైలు మనిషి ఎవరనుకుంటున్నారు? సర్పంచ్‌కు ఓటెయ్యనివాడో, అడగడానికి మొహమాటపడేవాడో. సేవ అంటున్నదంతా చాలావరకు వరస తప్పించడమే. ఆ అమ్మగారిని తప్పు పట్టడం లేదు. పెద్దాయనను ఆటో ఎక్కించి అప్పీలు పెట్టించారు చూడండి, అది వరస తప్పించడం కాదు, వరసలో నిలబెట్టడం. ఆ రెండూ ఒకటి కావు.

మానేరు_ఒడ్డు
సెప్టెంబరు 9, ఉదయం 8:02

సార్ చెప్పింది మంచిగుంది కానీ మా దగ్గరికొచ్చి చూడండి. కరీంనగర్ వైపు మాది. 2024 జనవరి ఆఖరుతో మా సర్పంచుల పదవీకాలం అయిపోయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా, అంటే 19 నెలలు, ఎన్నికలు లేవు, సర్పంచ్ లేడు. ప్రత్యేకాధికారి ఉన్నారు. ఆయనకు తన డ్యూటీ వేరే ఉంది, పైగా మా ఊరితో పాటు ఇంకో మూడు ఊళ్లు. మనిషి చెడ్డవాడు కాదు. బుధవారం వస్తారు. బుధవారం కాని రోజు పైపు పగిలితే అది బుధవారందాకా పగిలే ఉంటుంది.

మా పంచాయతీ కార్యదర్శి ట్రాక్టర్ డీజిల్‌కు సొంత పైసలు పెట్టిన నెలలు ఉన్నాయి. ట్రాక్టర్ ఆగితే చెత్త ఎత్తరు, ఎత్తకపోతే మొదలు తిట్లు తినేది ఆ పిల్లే. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు కాలేదు.

వరస అంటున్నారు కదా సార్. సర్పంచ్ ఉన్నప్పుడు వరస తప్పేది, నిజమే. ఇప్పుడు వరస లేదు, అడిగే కిటికీ లేదు. పాత సర్పంచ్ మా నాయిన దోస్తే. ఊళ్లో ఇప్పటికీ జనం ఆయన ఇంటికే పోతరు. "నేను సర్పంచ్‌ను కాదు" అంటూనే చెప్పులేసుకుని బయల్దేరుతడు. ఆయన చేయించిన పనుల బిల్లులు ఇంకా రాలేదు, వడ్డీ కడుతున్నడు. గౌరవ వేతనం 6,500 ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

సీమ_మిరప
సెప్టెంబరు 9, ఉదయం 8:15

అయితే ఎందుకు బయల్దేరుతున్నట్టు? మళ్లీ నిలబడతాడు కాబట్టి.

మానేరు_ఒడ్డు
సెప్టెంబరు 9, ఉదయం 8:18

ఈసారి రిజర్వేషన్ మారితే నిలబడలేడు. అది ఆయనకూ తెలుసు.

పీఏ_నంబర్2
సెప్టెంబరు 9, మధ్యాహ్నం 1:30

పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది. ఒక ఎమ్మెల్యే దగ్గర ఆరేళ్లు రెండో పీఏగా చేశా. ఇప్పుడు మానేసి ఎరువుల షాపు పెట్టుకున్నా, కాబట్టి యూరియా సంగతి నన్ను అడగకండి.

ఎమ్మెల్యే వారం అంటే జనం అసెంబ్లీ అనుకుంటారు. అది ఏడాదిలో కొన్ని వారాలే. మిగతా వారాలన్నీ పొద్దున 6 గంటలకు ఇంటి ముందు మొదలవుతాయి. వచ్చేవాళ్లను నేను చూడగానే చెప్పేసేవాణ్ణి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ ఫిల్మ్ ఉంటే సీఎం సహాయనిధి. కొత్త చొక్కా, పక్కన తండ్రి ఉంటే ఉద్యోగం. శాలువా పట్టుకొస్తే బదిలీ. ఖాళీ చేతులతో నలుగురైదుగురు కలిసి వస్తే రోడ్డు. నవ్వుతూ వస్తే తిరుమల.

తిరుమల లేఖల మీద ఒక పుస్తకం రాయొచ్చు. ఒక లేఖ మీద ఆరుగురు. ఆధార్ నంబర్లు తప్పు లేకుండా రాయాలి, ఒక్క అంకె పోతే ఆరుగురూ కొండ మీద నుంచి ఫోన్ చేస్తారు. ఆంధ్ర ఎమ్మెల్యేల లేఖలకు ముందు నుంచీ అలవాటే, 2025 మార్చి నుంచి తెలంగాణ వాళ్ల లేఖలూ తీసుకుంటున్నారు. నా టైంలో సగం వీటికే పోయేది. శాసనసభ్యుడి లెటర్‌హెడ్ మీద ఏడాదిలో ఎక్కువసార్లు అచ్చయిన మాట "దర్శనం". ఈ నెల బ్రహ్మోత్సవాలు, ఆ రోజుల్లో సిఫారసు లేఖలు ఉండవు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న తమ్ముడికి ఆ కొద్ది రోజులు విశ్రాంతి.

సహాయనిధి మాత్రం నిజమైన పని. ఆరోగ్య పథకంలో రాని జబ్బు, అప్పు చేసి కట్టిన బిల్లు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. సగం మంది ఒరిజినల్స్ ఆసుపత్రిలోనే వదిలేసి వస్తారు. వాటి కోసం ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలడం నా పని. ఆపరేషన్‌కు ముందే అయితే ఎల్వోసీ, అంటే ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి రాసే హామీ పత్రం. దానికి రాత్రి 11 గంటలకు కూడా ఎమ్మెల్యే గారిని నిద్రలేపేవాణ్ణి, ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు, అది చెప్పుకోవాలి.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి. చెక్కులు వచ్చాక ఎమ్మెల్యే చేతుల మీదుగా ఇవ్వాలని ఒక కార్యక్రమం పెట్టడం. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు 3 నెలలే చెల్లుతుంది. ఒకసారి ఏదో వాయిదా పడి, ఇంకేదో అడ్డొచ్చి, బీరువాలో నాలుగు చెక్కులకు తేదీ దాటిపోయింది. మళ్లీ తెప్పించడానికి చాలా రోజులు పట్టింది. అందులో ఒకరి ఇంటికి చెక్కు ఇవ్వడానికి వెళితే ఫొటోకు దండ వేసి ఉంది. ఆయన భార్య నన్నేమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చింది. ఆ తర్వాత ఎక్కువ రోజులు ఆ పని చేయలేకపోయాను.

ఇక పెళ్లిళ్లు. ఇది భాద్రపదం, ముహూర్తాలు లేవు కాబట్టి ఎమ్మెల్యేలంతా కాస్త ఊపిరి పీల్చుకునే నెల. శ్రావణంలో ఒక్కరోజు 14 పెళ్లిళ్లు తిరిగాం. భోజనం ఎక్కడా చేయలేదు, చేస్తే ఒకచోటే చేశారని మిగతా 13 ఇళ్లకు కోపం.

నల్లరేగడి
సెప్టెంబరు 9, సాయంత్రం 5:44

పై పోస్టు చదివాక మనసు బాగోలేదు.

పెద్దవాణ్ణి కాబట్టి పాత సంగతులు గుర్తొస్తాయి, ఏమనుకోవద్దు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. తర్వాత గన్నవరం ఎమ్మెల్యేగా చేశారు. ఇల్లెందు నుంచి 5 సార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు ఆర్టీసీ బస్సులో తిరిగేవారు. ఆ బస్సే ఆయన ఆఫీసు. పక్క సీట్లో కూర్చున్నవాడు చెప్పుకునేవాడు. 14 పెళ్లిళ్లకు కార్ల వరస కట్టుకుని వెళ్లే ఎమ్మెల్యేకు ఎవరు ఏం చెప్పుకోగలరు?

సీమ_మిరప
సెప్టెంబరు 9, సాయంత్రం 6:10

పెద్దాయనా, దండం. కానీ సైకిల్ ఎక్కితే మోటారు బాగవుతుందా? నిరాడంబరం వేరు, పని వేరు. మా పాత ఎమ్మెల్యే కూడా బస్సులోనే వచ్చేవాడు. వచ్చి, విని, తల ఊపి, బస్సులోనే పోయేవాడు.

నల్లరేగడి
సెప్టెంబరు 9, సాయంత్రం 6:52

నిజమే. కానీ నేను చెప్పింది సైకిల్ గురించి కాదు. వాళ్లు విన్నది సభలో లేవనెత్తేవారు. ఒక ఊరి పోడు భూమి గోడు వింటే, ఆ ఒక్క పట్టా కోసం ఫోన్ చేసి ఊరుకోక, అలాంటి ఊళ్లన్నిటి సంగతీ సభలో మాట్లాడేవారు. పీఏ గారిని అడుగుతున్నా: ఆ ఆరేళ్లలో పొద్దున్నే వచ్చిన వాటిలోంచి ఒక్కటైనా అసెంబ్లీలో ప్రశ్నగా మారిందా?

పీఏ_నంబర్2
సెప్టెంబరు 9, రాత్రి 8:25

మారాయండీ, మూడు గుర్తున్నాయి. ఒకటి డ్రెయిన్ పూడిక గురించి. సభలో జవాబు వచ్చింది, ఆ తర్వాత పనీ జరిగింది. దాని మీద ఎనిమిది ఊళ్ల పొలాలు ఆధారపడి ఉన్నాయి. ఆ ఎనిమిది ఊళ్లలోనూ ఓట్లు తగ్గాయి. పూడిక తీసినట్టు ఎవరికీ తెలియదు, నీళ్లు నిలవకపోతే ఎవరు గమనిస్తారు? పెళ్లికి రాలేదని మాత్రం 40 ఇళ్ల వాళ్లకు గుర్తుంది.

మిడ్‌లాండ్స్_లావణ్య
సెప్టెంబరు 10, తెల్లవారుజామున 2:40 (ఇక్కడ రాత్రే లెండి)

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నా. ఇక్కడ కౌన్సిలర్లు, ఎంపీలు వారానికో రెండు వారాలకో ఒకసారి జనాన్ని కలిసే దాన్ని సర్జరీ అంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మకు ఫోన్‌లో "రేపు కౌన్సిలర్ సర్జరీ ఉంది, రాత్రి చేస్తాలే" అన్నాను. అమ్మ ఏడుపు. ఆయనకెవరికో ఆపరేషనైతే నువ్వెందుకు వెళ్తున్నావని కాదు, నాకే ఏదో అయిందని.

నా చేతిలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టే. కామన్వెల్త్ పౌరులం కాబట్టి ఇక్కడ నివాసం ఉంటే మనకూ ఓటుంది. చాలామంది మనవాళ్లు నమోదే చేసుకోరు. స్కూలు దగ్గర ఫుట్‌పాత్ పలకలు లేచిపోయి ఉన్నాయి, స్ట్రోలర్ కదలదు. లైబ్రరీలో ఒక మూల చిన్న బల్ల, ఆయన ఒక్కడే, ఒక పుస్తకం. నాకు ముందు ఇద్దరు. కార్ల వరస లేదు, శాలువా లేదు, టీ కూడా లేదు. రాసుకుని, ఆ రాత్రే ఈమెయిల్ పంపి నాకూ కాపీ పెట్టాడు. తర్వాత వచ్చిన ప్రతి జవాబూ నాకు పంపాడు.

గొప్ప చెప్పడం లేదు. పలకలు సరిచేయడానికి 7 నెలలు పట్టింది. మీ అత్తగారు మోటారు రెండు రోజుల్లో తెప్పించారు. కానీ ఆ 7 నెలలూ నా ఫిర్యాదు ఎక్కడుందో నాకు తెలుసు. ఎంపీల దగ్గరైతే ఈ పనికే జీతగాళ్లుంటారు, ఆ జీతాలకు డబ్బిచ్చేది ఐప్సా అనే స్వతంత్ర సంస్థ. శుక్రవారాలు ఎక్కువగా ఊళ్లోనే ఉంటారు. ఇందులో ప్రమాదం లేకపోలేదు. 2016లో జో కాక్స్‌ను సర్జరీకి వెళ్తుండగా, 2021లో డేవిడ్ ఏమెస్‌ను సర్జరీ జరుగుతుండగానే చంపేశారు. ఆ తర్వాత చాలామంది ముందుగా పేరు రాయించుకుంటేనే కలుస్తున్నారు.

రికార్డ్‌రూమ్
సెప్టెంబరు 10, ఉదయం 6:15

లావణ్య గారు చెప్పిన కాపీ సంగతి చిన్నదనుకోకండి. మా ఆఫీసులో 31 ఏళ్లలో నాతో ఎక్కువ మంది అడిగింది "పని చేయండి" అని కాదు, "ఎక్కడుంది" అని. ఇప్పుడు అర్జీ రసీదు మీద నంబరు ఇస్తున్నారు, 1100కు ఫోన్ చేస్తే స్థితి చెబుతారు. ఆ రసీదు పారేసుకోకండి. డెల్టా తమ్ముడూ, ఆ పెద్దాయన అప్పీలుకు రసీదు తీసుకున్నారా?

డెల్టా_కుర్రాడు
సెప్టెంబరు 10, ఉదయం 9:05

ఇప్పుడే ఫోన్ చేశా. తీసుకోలేదట. "ఎంపీడీవో గారు స్వయంగా తీసుకుని పెట్టుకున్నారు, మళ్లీ రసీదు అడిగితే బాగోదని" అంది. ఇవాళ వెళ్లి అడుగుతానంది.

రికార్డ్‌రూమ్
సెప్టెంబరు 10, ఉదయం 9:11

బాగోదు అనుకునే కొన్ని వేల కాగితాలు పోయాయి. అడగమనండి.

సీమ_మిరప
సెప్టెంబరు 10, ఉదయం 10:20

ఈ 61, 19 లెక్క నన్ను వదలడం లేదు. 42 ఆమె పనే కాదు కదా. "ఇది నాది కాదు, ఫలానా ఆఫీసుకు వెళ్లు" అని చెప్పేస్తే ఏం పోతుంది? ఆ టైంలో 19 బాగా చేయొచ్చు. రాజ్యాంగంలో పంచాయతీలకు 29 అంశాలు రాసి పెట్టారు, 1993 నుంచి అమల్లో ఉంది. ఆ 29లో ఎన్ని చేతికొచ్చాయని సర్పంచులు అడగాలి, ఆటోలు ఎక్కించడం కాదు.

డెల్టా_కుర్రాడు
సెప్టెంబరు 10, మధ్యాహ్నం 12:50

అన్నా, అదే మాట నేను బుధవారం రాత్రి అత్తతో అన్నా. మోటారు గొడవలో అలిసిపోయి ఉంది. "29 ఎవరు చూశార్రా. మన చేతిలో ఉన్నది నీళ్లు, లైట్లు, మురుగ్గుంట, చెత్త. నీళ్లకూ మురుక్కూ వచ్చే డబ్బు కూడా దేనికి ఖర్చు పెట్టాలో పైనే రాసి పంపుతారు. ఇది నాది కాదంటే ఈరోజు వాడు వెళ్లిపోతాడు. రేపు వాడి వీధిలో కుళాయి పగిలినా నాకు చెప్పడు, ఇదీ ఈవిడది కాదేమో అనుకుంటాడు" అంది.

15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీటికి, పారిశుధ్యానికే వాడాలి, మిగతా 40 శాతమే మన ఇష్టం. సిమెంటు రోడ్డు అడిగేవాడికి ఈ లెక్క చెబితే తప్పించుకుంటున్నామనుకుంటాడు.

పీఏ_నంబర్2
సెప్టెంబరు 10, మధ్యాహ్నం 1:35

ఒక తమాషా గమనించారా? సర్పంచ్ దగ్గరికి వీఆర్వో పని వస్తుంది. మా దగ్గరికి సర్పంచ్ పని వచ్చేది: డ్రైనేజీ, లైటు, బోరు. ఎంపీ గారి దగ్గరికి వెళితే అక్కడ కూర్చున్నవాళ్లు కమ్యూనిటీ హాలు అడుగుతుంటారు, ఏడాదికి 5 కోట్లు ఉంటాయి కదా, మాకొక గది కట్టించలేరా అని. ప్రతివాడూ తనకంటే ఒక మెట్టు కిందివాడి పని చేస్తున్నాడు. అన్నిటికంటే పై మెట్టు పని, అంటే చట్టం చదివి దాని మీద మాట్లాడటం, ఎవరూ ఎవర్నీ అడగరు. ఆరేళ్లలో ఒక్కరూ "ఫలానా బిల్లు మీద మీరేమన్నారు" అని గేటు దగ్గరికి రాలేదు. వచ్చుంటే ఏ గదిలో కూర్చోబెట్టాలో కూడా నాకు తెలిసేది కాదు.

మానేరు_ఒడ్డు
సెప్టెంబరు 10, మధ్యాహ్నం 2:10

కింది మెట్టు విరిగిపోయి ఉంది కాబట్టి అందరూ పైకి పోతున్నరు. మా ఊళ్లో సర్పంచ్ లేకపోయేసరికి వీధి లైటు కోసం మొన్న ఒకాయన హైదరాబాద్ పోయిండు, ప్రజాభవన్‌కు. అక్కడ మంగళవారం, శుక్రవారం రాష్ట్రస్థాయి ప్రజావాణి. రానుపోను బస్సు చార్జీతో ఆ లైటే వచ్చేది.

నిర్వాహకుడు
సెప్టెంబరు 10, సాయంత్రం 4:00

పార్టీల పేర్లతో వచ్చిన 6 పోస్టులు తీసేశాను. ఎవరి ప్రభుత్వంలో బిల్లులు ఆగాయన్నది వేరే చర్చగా పెట్టుకోండి.

గోరింట
సెప్టెంబరు 10, రాత్రి 9:30

నేను మళ్లీ నోటుపుస్తకం దగ్గరికి వస్తా. శనివారం "ఒక చావు, ఒక బారసాల" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మోటారుకేమో ఆరు వాక్యాలు. వాటిని 61లో కలిపారా?

డెల్టా_కుర్రాడు
సెప్టెంబరు 10, రాత్రి 9:52

లేదక్కా. ఎవరూ ఏమీ అడగలేదు కదా, విన్నపం కాదని వదిలేశా.

గోరింట
సెప్టెంబరు 10, రాత్రి 10:08

మా నాన్న పోయినప్పుడు మా వార్డు కౌన్సిలర్ వచ్చారు. పావుగంట కూర్చున్నారు. వెళ్లేముందు మరణ ధ్రువపత్రానికి ఏ కాగితాలు కావాలో, ఎన్ని రోజుల్లోపు నమోదు చేయించాలో మా తమ్ముడికి చెప్పారు. 21 రోజులు అని అప్పుడే తెలిసింది మాకు. అమ్మ వితంతు పింఛను సంగతీ ఆయనే ఎత్తారు. అమ్మ అప్పటికి ఏదీ అడిగే స్థితిలో లేదు. ఆయన పార్టీకి మా ఇంట్లో ఎప్పుడూ ఓటు వేయలేదు, ఆయనకూ తెలుసు. పీఏ గారు చెప్పిన 14 పెళ్లిళ్లను సమర్థించడం లేదు. చావు ఇంటిని మాత్రం ఆ గడిలోకి తోయకండి.

సీమ_మిరప
సెప్టెంబరు 10, రాత్రి 10:15

దీనికి నా దగ్గర జవాబు లేదు.

డెల్టా_కుర్రాడు
సెప్టెంబరు 11, ఉదయం 7:40

మూడు కబుర్లు.

నిన్న అత్త రసీదు తెచ్చింది. అప్పీలు కాగితం ఎంపీడీవో గారి బల్ల మీదే ఉందట, వేరే ఫైలు కింద. అడిగితే అప్పుడే నంబరు వేయించారు. రికార్డ్‌రూమ్ గారికి అత్త నమస్కారం చెప్పమంది.

గ్రహణం రాత్రి ఫోన్ చేసినాయన వీధి లైటు వేశారు. ఆయన మళ్లీ ఫోన్ చేశాడు, వెలుతురు నేరుగా కిటికీలో పడి నిద్ర పట్టడం లేదట.

శనివారం చావు ఇంటి సంగతి నిన్న రాత్రి అత్తను అడిగా. అక్కడ పోయినాయన కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, రావడానికి రెండు రోజులు పడుతుందని తెలిసి ఫ్రీజర్ పెట్టె తెప్పించింది, కరెంటు పోతే ఉండాలని జనరేటర్ మాట్లాడింది. నేను ఆ టైంలో బయట అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. 61ని 63 చేశా. సీమన్నా, ఇప్పుడు 19 ఎంతవుతుందో నాకు తెలియడం లేదు, ఫ్రీజర్ ఎవరి పని కిందికి వస్తుందో నువ్వే చెప్పు.

నాలుగో కబురు ఇప్పుడే. అత్త ఫోన్. మోటారు మళ్లీ కాలింది.